కమాను మీద మాట: ఒక టేపు ఫిడేలు ఆత్మకథ

ఈ కట్టె పుట్టింది 1977లో. ఆకారానికి ఫిడేలే. అదే నడుము, అదే మెడ, గడ్డం కింద ఇమిడే అదే ఒంపు. కానీ బ్రిడ్జి దగ్గర టేప్ రికార్డరు హెడ్ ఒకటి బిగించి ఉంటుంది. కమానుకు గుర్రపు వెంట్రుకలు ఉండవు. వాటి బదులు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక అయస్కాంత టేపు ముక్కను లాగి కట్టారు. ఆ టేపు మీద ముందే రికార్డు చేసిన ఒక మాటో, ఒక కేకో, ఒక స్వరమో ఉంటుంది. కమాను హెడ్ మీదుగా జరిగితే అది పలుకుతుంది, ఆగితే ఆగిపోతుంది. దీనికి పెట్టిన పేరు టేప్ బో వయొలిన్.

తలపెట్టింది అమెరికన్ కళాకారిణి లోరీ ఆండర్సన్. తయారీలో ఆమెకు తోడు నిలిచినవాడు సౌండ్ ఇంజినీరు బాబ్ బీలెకీ. ఈ కట్టె కథంటే ఆ ఇద్దరి కథే కాదు. ఎలక్ట్రిక్ ఫిడేలునూ, అక్కడికక్కడ శబ్దాన్ని మార్చే యంత్రాలనూ కలపాలని అరవై ఏళ్లుగా తంటాలు పడుతున్న మనుషుల కథ కూడా.

ముందు దీని పనితీరు. టేపు మీద పూసిన ఇనుప ఆక్సైడు పొడిలో శబ్దం అయస్కాంత గుర్తులుగా నిలిచి ఉంటుంది. ఆ గుర్తులు హెడ్ ముందు కదిలితేనే లోపలి తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. టేప్ రికార్డరులో ఆ కదలికను మోటారు ఇస్తుంది. సెకనుకు 19 సెంటీమీటర్లో, 38 సెంటీమీటర్లో, తొణక్కుండా లాగుతుంది. ఈ కట్టెకు మోటారు లేదు. ఆ పని వాయించేవారి కుడిచేతిది.

కమాను మీద వెంట్రుకల నిడివి సుమారు 65 సెంటీమీటర్లు. 38 సెంటీమీటర్ల వేగంతో రికార్డు చేసిన టేపయితే అందులో పట్టేది 1.7 సెకన్లు. 19 వేగంతో చేసినదయితే 3.4 సెకన్లు. అంటే ఒక మాట, మహా అయితే ఒక చిన్న వాక్యం. ఈ కట్టె ఆస్తి అంతే. కానీ ఆ ఒక్క మాటను ఎన్ని తీర్ల పలికించవచ్చో! రెట్టింపు వేగంతో లాగితే గొంతు ఒక స్థాయి పైకెక్కుతుంది. సగం వేగంతో లాగితే ఒక స్థాయి కిందికి దిగుతుంది, శబ్దమూ సన్నగిల్లుతుంది. చెయ్యి వణికితే మాట వణుకుతుంది. సగంలో ఆపి వెనక్కి తోస్తే మాట తిరగబడుతుంది.

మామూలు ఫిడేలులో స్వరస్థానం ఎడమచేతి వేళ్లది. కమాను వేగం, ఒత్తిడి మార్చితే నాదం పెరుగుతుంది, తగ్గుతుంది, రంగు మారుతుంది. స్వరం మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. ఫిడేలును పక్కవాద్యంగానే చూసిన రోజుల్లో దానితో ఒంటరిగా కచేరీలు చేసి నిలబెట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత రికార్డులు విన్నవారికి ఆ కుడిచేతి పని ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు. ఈ కట్టె దగ్గర ఎడమచేతి వేళ్లకు పనే లేదు. స్వరం, బలం, లయ, మాట స్పష్టత అన్నీ కుడిచేతికే వచ్చిపడ్డాయి. ఫిడేలు నుంచి తీసేయగలిగినవన్నీ తీసేసి చూస్తే చివరికి మిగిలింది కమాను లాగే చెయ్యి. ఈ కట్టె ఫిడేలు అనిపించుకోవడానికి ఆ చెయ్యి చాలింది.

మాటలు తిరగబడటం ఒక పెద్ద చదువు. కాగితం మీద ఎటు చదివినా ఒకటిగా ఉండే మాట టేపు మీద అలా ఉండాలని లేదు. తెలుగువారికి ఇది సులువుగా పట్టుబడుతుంది. తెనాలి రామకృష్ణుడి బిరుదుగా చెప్పుకునే ‘వికటకవి’ అక్షరాల లెక్కన ఎటు చదివినా ఒక్కటే. దాన్నే ఈ కమాను మీద రికార్డు చేసి వెనక్కి తోస్తే ‘ఇవకటకివ్’ అని వినిపిస్తుంది. టేపుకు గుణింతం తెలియదు. హల్లు వెనక ఉన్న అచ్చును ముందుకు తెచ్చేస్తుంది. అదే ‘అమ్మ’ అయితే ఎటు లాగినా అమ్మే. ‘అన్న’ కూడా అంతే. అందుకే ఇలాంటి మాటలను కళ్లతో వెతికితే దొరకవు, చెవితోనే వెతకాలి. ఆండర్సన్ చేసిన పని అదే. ముందుకు లాగితే ఒక అర్థం, వెనక్కి తోస్తే ఇంకో అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలను విని విని ఏరుకుంది.

ఆమె 1947లో ఇల్లినాయి రాష్ట్రంలో పుట్టింది. ఐదేళ్ల వయసులో ఫిడేలు పట్టింది. కానీ పై చదువు సంగీతంలో కాదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో 1972లో శిల్పకళలో పట్టా తీసుకుంది. ఈ కట్టెకు సంబంధించినంత వరకు ఆ పట్టాయే ముఖ్యం. సంగీతకారులు ఫిడేలును ముట్టుకోకూడని పూర్ణరూపంగా చూస్తారు. శిల్పి దాన్ని ఒక వస్తువుగా, లోపల ఖాళీ ఉన్న పెట్టెగా, ఏదైనా బిగించదగిన పలకగా చూస్తుంది.

అందుకే ఈ కట్టెకు తోబుట్టువులు చిత్రమైనవి. అక్క ఒకతి ఉంది, కడుపులో స్పీకరు పెట్టుకున్న ఫిడేలు. ముందే రికార్డు చేసిన సంగీతం లోపల మోగుతుంటే, ఆండర్సన్ పైన అదే ఫిడేలును వాయించేది. 1970ల మధ్యలో న్యూయార్క్ వీధుల్లో, ఇటలీలోని జెనోవాలో, మంచుదిమ్మల్లో గడ్డకట్టించిన స్కేట్ బూట్లు తొడుక్కుని ఆమె ఆ కచేరీలు చేసింది. కచేరీ ఎంతసేపు? మంచు కరిగేదాకా. ఇంకో అక్క పేరు వయోఫోనోగ్రాఫ్. ఫిడేలు పొట్ట మీద బ్యాటరీతో తిరిగే చిన్న గ్రామఫోను పళ్లెం, కమానుకు గుచ్చిన గ్రామఫోను ముల్లు. ముల్లు రికార్డు మీద ఎక్కడ ఆనితే అక్కడి స్వరం పలికేది. ఆ అక్కల దగ్గర ఇంకా మోటారు ఉంది. ఈ కట్టె దగ్గరికి వచ్చేసరికి మోటారు పోయింది. ఆ వరసలో పెద్ద అడుగు అదే.

తాతముత్తాతల సంగతి కొంచెం చెప్పాలి. అయస్కాంత టేపును 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ తయారుచేశాడు. 1948లో పారిస్‌లో పియరీ షాఫర్ రైలు చప్పుళ్లను రికార్డు చేసి, వాటినే సంగీతంగా కూర్చి చూపాడు. టేపు చేతికొచ్చాక ఆ పని ఇంకా తేలికైంది. కోసి అతికించవచ్చు, తిరగేయవచ్చు, వేగం మార్చవచ్చు. 1963లో జర్మనీలోని వుప్పర్టాల్ పట్టణంలో కొరియా కళాకారుడు నామ్ జూన్ పైక్ టేపు ముక్కలను గోడకు అంటించి, హెడ్‌ను చూడవచ్చినవారి చేతికిచ్చాడు. వాళ్లు తమకు తోచినట్టు టేపుల మీద హెడ్‌ను రుద్దుకుంటూ వినేవారు. ఈ కట్టెకు నిజమైన పెద్దనాన్న ఆ గోడే. అక్కడ చెయ్యి హెడ్‌ను కదిపింది, ఇక్కడ టేపును కదుపుతుంది. తేడా అదొక్కటే. కానీ గోడకు కమాను పట్టిన చేతి చదువు లేదు. కమానును సరళంగా లాగడానికి ఫిడేలు నేర్చేవాళ్లు ఏళ్ల తరబడి పడే కష్టమంతా ఈ కట్టెకు పుట్టుకతో వచ్చిన కట్నం.

ఆ రోజుల్లో టేపుతో కలిసి వాయించడమంటే వాద్యకారుడికి పెద్ద శిక్ష. స్టూడియోలో తయారైన టేపు వేదిక మీద నడుస్తుంటుంది. ఫిడేలువాడు దాని వెంట పరుగెత్తాలి. ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగితే అది ఆగదు. కాస్త సాగదీద్దామంటే ఒప్పుకోదు. పక్కవాద్యం మొండికేస్తే కచేరీ ఏమవుతుందో మన సభల్లో కూర్చున్నవారికి తెలుసు. ఆ మొండి టేపును తెచ్చి వాయించేవారి చేతికే కట్టేసింది ఈ కట్టె. టేపు మనిషి వెంట నడిచింది. ఈ కట్టె చేసిన ఘనకార్యం ఏదైనా ఉంటే అదే.

ఇంకోవైపు నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లు తీగలను వదల్లేదు. 1960ల న్యూయార్క్‌లో టోనీ కాన్రాడ్ ఫిడేలుకు మైకు తగిలించి, లా మాంట్ యంగ్, జాన్ కేల్ తదితరులతో కలిసి ఒకే శ్రుతిని గంటల తరబడి పట్టి నిలబెట్టేవాడు. మైకు పెట్టింది చప్పుడు పెంచడానికే కాదు. మామూలుగా చెవికి అందని ఉపస్వరాలు, కమాను రాపిడి, తీగల మధ్య పుట్టే కొట్టుకులాట, అన్నీ ఆంప్లిఫయరు ముందు బయటపడతాయి. తంబూరా ముందు కూర్చుని పెరిగిన చెవులకు ఆ సంగీతం పరాయిగా అనిపించదు.

మాక్స్ మాథ్యూస్ దారి వేరు. ఆయన న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీరు. 1957లో ఐబీఎం 704 కంప్యూటరు చేత 17 సెకన్ల సంగీతం పలికించినవాడు. సరదాకు ఫిడేలు కూడా వాయించేవాడు. ఆయన ముందున్న చిక్కు ఎలక్ట్రిక్ ఫిడేలు వాయించే ప్రతివారికీ తెలిసిందే. పొట్ట తీసేసి తీగల కంపాన్ని నేరుగా పికప్‌తో పట్టుకుంటే శబ్దం బోడిగా, గరుగ్గా ఉంటుంది. ఎందుకంటే ఫిడేలు పొట్ట అన్ని స్వరాలనూ ఒకేలా మోయదు. కొన్ని పౌనఃపున్యాల దగ్గర ఉబ్బుతుంది, వాటి పక్కనే పడిపోతుంది. వేలు ఊపినప్పుడు స్వరం ఆ గుట్టలూ గుంటలూ ఎక్కి దిగుతుంది. నాదానికి ప్రాణం వచ్చేది అక్కడే. మాథ్యూస్ ఆ గుట్టలను ఎలక్ట్రానిక్ ఫిల్టర్లతో కట్టి చూపాడు. 1973లో సహచరుడు కోహుట్‌తో కలిసి ఆ పనిని ప్రచురించాడు. ఫిల్టర్లను మార్చితే అదే ఫిడేలు ఇత్తడి బాకాలా కూడా పలికేది. చెక్క చేసే పనిని కొయ్యకుండా, చెక్కకుండా లెక్కలతో చేసిన మనిషి ఆయన.

జపాన్ నుంచి తాకెహిసా కొసుగి వచ్చాడు. ఫిడేలు శబ్దాన్ని ప్రతిధ్వని యంత్రాల గుండా పంపి, తిరిగొచ్చిన దానితో తనే జుగల్‌బందీ చేసేవాడు. 1970ల తొలినాళ్లలో ‘తాజ్ మహల్ ట్రావెలర్స్’ అనే బృందంతో ఐరోపా నుంచి రోడ్డు మార్గాన తాజ్ మహల్ దాకా వచ్చాడు. 1975లో వెలువడిన ఆయన ‘క్యాచ్ వేవ్’ రికార్డులో ఒక వైపు పేరు ‘మనోధర్మ ’74’. త్యాగరాజ కృతికి నెరవు, స్వరకల్పన చేసే విద్వాంసుడు వాడే మాట టోక్యో కళాకారుడి ఎలక్ట్రానిక్ ఫిడేలు మీదికి ఎక్కింది. ఎక్కడానికి దానికి హక్కుంది. యంత్రం వెనక్కి ఏమిస్తుందో చూసి అప్పటికప్పుడు జవాబివ్వడం మనోధర్మమే.

ఆ తరం ప్రతిధ్వని యంత్రాలూ టేపు బిడ్డలే. రెండు టేప్ రికార్డర్లను దూరంగా పెట్టి ఒకే టేపును రెండింటి గుండా పోనిస్తారు. మొదటిది రాసిన దాన్ని రెండోది చదువుతుంది. వేగం సెకనుకు 19 సెంటీమీటర్లు, మధ్య దూరం రెండు మీటర్లు అయితే, వాయించింది పది సెకన్ల పైచిలుకు తర్వాత తిరిగి వినిపిస్తుంది. దూరం మార్చితే కాలం మారుతుంది. ఇవాళ అదంతా కాలితో నొక్కే చిన్న పెడల్లో ఇమిడిపోయింది.

ఈ కట్టె వేదికలెక్కిన రోజులు బాగుండేవి. 1981లో ఆండర్సన్ పాట ‘ఓ సూపర్‌మ్యాన్’ ఎనిమిది నిమిషాల నిడివి ఉండి కూడా బ్రిటన్ పాటల అమ్మకాల జాబితాలో రెండో స్థానానికి చేరింది. ప్రయోగాలవైపు తొంగిచూడని జనం ఆమె పేరు విన్నది అప్పుడే. 1983 ఫిబ్రవరిలో బ్రూక్లిన్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో ‘యునైటెడ్ స్టేట్స్’ అనే ఎనిమిది గంటల ప్రదర్శనను రెండు రాత్రులకు పంచి ఇచ్చింది. మరుసటి ఏడు అది ఐదు రికార్డుల పెట్టెగా వచ్చింది. 1986 నాటి ‘హోమ్ ఆఫ్ ది బ్రేవ్’ చిత్రంలో రచయిత విలియం బరోస్ గొంతు ఆమె ఫిడేలు మీద పలుకుతుంది. మాట మొదలవుతుంది, తెగుతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ మొదలవుతుంది. వినేవాళ్లు మొదట మాటను వింటారు. కాసేపటికి అర్థం జారిపోయి రాగం మిగులుతుంది. మళ్లీ ఎక్కడో అర్థం తిరిగొస్తుంది. తీగల ఫిడేలు ఈ పని చేయలేదు, రికార్డు చేసిన మాట ఒక్కటే ఉన్నా చేయలేదు. రెండూ కలిస్తేనే కుదిరింది.

కష్టాలూ చెప్పుకోవాలి. టేపు మెత్తనిది. హెడ్ మీద పదేపదే రాసుకుంటే ఆక్సైడు పొడి రాలుతుంది, హెడ్ మురికిపడుతుంది, మాటలో సకార షకారాలు ముందుగా మసకబారతాయి. కమాను కాస్త వంకర పోతే టేపు హెడ్ నుంచి తప్పుకుని మాట మింగేస్తుంది. ఇంకో మాట కావాలంటే ఇంకో కమాను ఉండాలి. అందుకే తర్వాతి కాలంలో ఆండర్సన్ ఫిడేలులోకి రికార్డు చేసిన శబ్దాలను దాచి పలికించే డిజిటల్ శాంప్లర్లు వచ్చాయి. వాటిలో మాటలకు కొదవ లేదు.

1980ల నుంచి పరిశోధన కమాను వైపు తిరగడం ఈ కట్టెకు సంతోషం. ఆస్ట్రేలియాలో స్థిరపడి పేరు తెచ్చుకున్న ఫిడేలు వాద్యకారుడు జాన్ రోజ్ ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టీమ్ అనే ఎలక్ట్రానిక్ సంగీత సంస్థలో కమానుకు సెన్సర్లు పెట్టించుకున్నాడు. ఎంత ఒత్తిడి, ఎంత కదలిక అన్నది అంకెలుగా మారి కంప్యూటరును నడిపేది. ఆయన అదే కమాను చేతితో ఆస్ట్రేలియా పొలాల ముళ్లకంచెలనూ వాయించాడు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో డయానా యంగ్ చేసిన హైపర్‌బో కమాను కర్రలోని వంపునూ, త్వరణాన్నీ కొలిచేది. 2002లో స్వరకర్త టాడ్ మాఖోవర్ ‘టాయ్ సింఫనీ’లో ఫిడేలు విద్వాంసుడు జాషువా బెల్ వాయించింది ఆ సంస్థ తయారుచేసిన హైపర్ వయొలినే.

అయినా ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. సెన్సరు కమాను చేతిని కొలుస్తుంది. ఆ కొలతతో ఏం చేయాలో ఎవరో కూర్చుని ప్రోగ్రాములో రాయాలి. వేగం పెరిగితే శబ్దం పెరగాలా, రంగు మారాలా, వంద గంటలు మోగాలా? ఏదైనా చేయవచ్చు. సభలో కూర్చున్నవారికి చేతికీ శబ్దానికీ లంకె కనిపించకుండా పోయే ప్రమాదం అక్కడే ఉంది. ఇలాంటి కచేరీలు చాలావాటిలో చెయ్యి ఒకటి చేస్తుంటే చెవి ఇంకొకటి వింటుంది. టేపు దగ్గర ఆ ఎడం లేదు. చిన్నపిల్లలకు కూడా మొదటి లాగులోనే అర్థమవుతుంది.

ఎడాన్ని జయించిన రచన లేదా అంటే ఉంది. ఫ్రెంచి స్వరకర్త పియరీ బూలెజ్ రాసిన ‘ఆంథెమ్ 2’. 1997లో జర్మనీలోని డోనౌఎషింగెన్ ఉత్సవంలో హే సన్ కాంగ్ తొలిసారి వాయించింది. పారిస్‌లోని ఇర్కామ్ సంగీత పరిశోధన కేంద్రంలో ఆండ్రూ గెర్జోతో కలిసి బూలెజ్ దానికి ఎలక్ట్రానిక్స్ సమకూర్చాడు. ఫిడేలు మామూలుదే, మైకు ముందు వాయిస్తారు. కంప్యూటరు చేతిలో స్వరలిపి ఉంటుంది. అది ఫిడేలును వింటూ లిపిలో ఎక్కడున్నామో కనిపెడుతుంది, తన వంతు రాగానే స్వరాలను మార్చి, విడదీసి, సభ చుట్టూ ఉన్న స్పీకర్లలోకి విసురుతుంది. వాద్యకారిణి ఆగితే అదీ ఆగుతుంది. ఇలాంటి పనులకు పునాది వేసిన సాఫ్ట్‌వేరు 1980లలో ఇర్కామ్‌లోనే మిల్లర్ పకెట్ రాసిన ‘మాక్స్’. ఆ పేరు మాక్స్ మాథ్యూస్‌ది. ఫిడేలంటే ప్రాణమిచ్చిన ఇంజినీరు పేరు మీద ఇవాళ ప్రపంచమంతటా లైవ్ ఎలక్ట్రానిక్స్ నడుస్తున్నాయి. ఆగడం నేర్చిన యంత్రమే తోడుగా పనికొస్తుందని ఈ కట్టె తీర్పు. ఆ కొలతకు ‘ఆంథెమ్ 2’ నిలిచింది.

2012లో శాండీ తుఫాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు ఆండర్సన్ ఇంటి నేలమాళిగలోకి నీళ్లొచ్చి, ఏళ్ల తరబడి దాచిన వాద్యాలు, సామగ్రి, కాగితాలు పాడైపోయాయి. ఆ అనుభవంలోంచే క్రోనోస్ క్వార్టెట్ అనే తీగవాద్యాల బృందం కోసం ‘ల్యాండ్‌ఫాల్’ రాసింది. అందులో తీగలు పలికితే తెర మీద మాటలు పుడతాయి. 2018లో వచ్చిన ఆ రికార్డుకు గ్రామీ దక్కింది. కమాను మీద మాటను పలికించిన మనిషి కమానుతో మాటను రాయించడం దాకా వచ్చింది.

మరి తెలుగునాట? కచేరీ ఫిడేళ్లకు కాంటాక్టు మైకులు ఏనాడో వచ్చాయి. గొంతు పెంచడానికి తప్ప వాటితో ఇంకో పని చేయించినవాళ్లు తక్కువ. గమకంలో ఇంత నలిగిన చెవులు, కుడిచెయ్యీ ఎడమచెయ్యీ ఇంత తెలిసిన వాద్యకారులు ఉన్నచోట ఇది లోటే. కమాను పట్టడం వచ్చిన పిల్లలకు యంత్రాలంటే భయం పెట్టకండి. యంత్రాలు తెలిసిన పిల్లలను ఫిడేలు క్లాసు గుమ్మం దగ్గరే ఆపకండి.

ఖర్చు లేకుండా మొదలుపెట్టవచ్చు. అటక మీద పడేసిన పాత క్యాసెట్ ప్లేయరును దించండి. బ్యాటరీలతో నడిచేదే తీసుకోండి, కరెంటు ప్లగ్గు పెట్టి ఉన్నదాన్ని విప్పవద్దు. హెడ్‌ను తీగలతో సహా జాగ్రత్తగా బయటికి లాగి, తీగలు చాలకపోతే అతికి పొడిగించండి. హెడ్ నుంచి వచ్చే సిగ్నల్ బలహీనం కనుక ప్లేయరులోని ఆంప్లిఫయరునే వాడుకోవాలి. క్యాసెట్ టేపు ఒక జానెడో బారెడో కోసి, హెడ్‌కు తగిలే వైపు పైకి వచ్చేలా అట్టముక్క మీద అంటించి, హెడ్‌తో రుద్దండి. క్యాసెట్ వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లే. అందువల్ల 65 సెంటీమీటర్ల ముక్కలో 13 సెకన్లకు పైగా పడుతుంది, పద్యంలో ఒక పాదం హాయిగా ఇమిడిపోతుంది. చెయ్యి కుదిరాక టేపును కమానుకు ఎక్కించండి. ఒక్కటే మనవి. హరికథలు, బుర్రకథలు, ఇంట్లో పెద్దల గొంతులు ఉన్న క్యాసెట్లను మాత్రం కోయకండి. కోయక తప్పదనుకుంటే ముందు వాటిని కంప్యూటరులోకి కాపీ చేయించి, ఆ తర్వాతే కత్తెర పట్టండి.